ఫోటో "బాగుంది" అంటే సరిపోతుందా?

ఈ రోజుల్లో మన పల్లె సంఘములలో ఏ కూడిక జరిగినా ఫోటో లేకుండా ముగియదు. కాలువ దగ్గర బాప్తిస్మములు, కోత పండుగనాడు గుడిలో పెట్టిన గుమ్మడికాయలు, వరి కంకులు, క్రిస్మస్ రాత్రి గొర్రెల కాపరుల వేషాల్లో సండే స్కూలు పిల్లలు, పెండ్లి, భూస్థాపన, అన్నీ ఎవరో ఒక యవ్వనస్థుని సెల్‌ఫోనులోనో, అడిగి తెచ్చుకున్న కెమెరాలోనో నిలుస్తున్నాయి. వీరికి జీతం లేదు, నేర్పిన గురువు లేడు. ఇష్టం కొద్దీ తీస్తారు. సాయంత్రానికి ఆ ఫోటోలు వాట్సాప్ గ్రూపులోకి వస్తాయి. వాటి కింద రెండు రకాల మాటలే కనిపిస్తాయి. "సూపర్ అన్నా" అని కొందరు, "ఇదేం ఫోటోరా, వీళ్లు మనుషులా దయ్యాలా" అని కొందరు. ఈ రెండింటిలో దేనివల్లనైనా వచ్చే ఆదివారం తీసే ఫోటో ఇంతకంటె మెరుగవుతుందా?

వాక్యము రాయవలసిన చోట ఫోటోల గొడవ ఎందుకని పెద్దలు కొందరు అనుకోవచ్చు. భూస్థాపన కూడికలకు వెళ్లినప్పుడు మేము తరచు చూసే సంగతి ఒకటి ఉన్నది. పెట్టెకు ముందు పెట్టడానికి ఫోటో కావాలి. ఇల్లంతా వెదుకుతారు. చివరికి ఏ పెండ్లిలోనో తీసిన గుంపు ఫోటో దొరుకుతుంది. అందులో మూలన ఉన్న అమ్మమ్మను కత్తిరించి పెద్దది చేయిస్తే, చీర రంగు తెలుస్తుంది గాని ముఖం మాత్రం నల్లటి మరక. ఆనాడు ఆమె వెనుక కిటికీ ఉన్నది. ఆ ఫోటో తీసిన పిల్లవానికి అంతకు ముందెప్పుడైనా ఎవరైనా "బాబూ, వెలుగు వాళ్ల వెనుక నుండి వస్తోంది, నువ్వు కిటికీ వైపుకు వెళ్లి, వాళ్లను నీ వైపు తిప్పి తియ్యి" అని చెప్పి ఉంటే, ఆ మనుమరాళ్లకు అమ్మమ్మ ముఖం మిగిలేది. అంతకు ముందు వాడు తీసినవాటికి కూడా అందరూ బాగుందనే అన్నారు.

ఫిలిం రోజుల్లో తప్పుకు ఖరీదు ఉండేది. ఒక రీలుకు 36 ఫోటోలు. పట్నంలో స్టూడియోకు ఇస్తే వారం తరువాత చేతికి వచ్చేవి. అందులో పది పాడైతే డబ్బు పోయినట్టే. అయితే కవరు చేతికిచ్చేటప్పుడు ఆ స్టూడియో ఆయన నెగెటివ్‌ను వెలుగుకు ఎత్తిపట్టి "ఇక్కడ చెయ్యి కదిలింది, ఇక్కడ ఎండకు ఎదురుగా తీశావు" అని రెండు ముక్కలు చెప్పేవాడు. ఇప్పుడు రీలు ఖర్చు లేదు, ఆ రెండు ముక్కలు చెప్పే మనిషీ లేడు.

ఒకరి ఫోటోలు ఒకరు చూసి చెప్పుకోవడం మన దేశానికి కొత్త కాదు. 1854లో బొంబాయిలో, తరువాత కొద్ది ఏళ్లకే కలకత్తాలోను మద్రాసులోను ఫోటోగ్రఫీ సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యులు తాము తీసినవి తెచ్చి అందరి ముందు పెట్టి మాట్లాడుకునేవారు. తరువాత నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరుగా హైదరాబాదులో పేరు పొందిన లాలా దీన్ దయాళ్ కూడా ఇండోరులో సర్కారు కొలువు చేసుకుంటూ సరదాకు కెమెరా పట్టినవాడే. హెన్రీ డేలీ అనే అధికారి ప్రోత్సాహం ఆయనను ముందుకు నడిపించింది.

మాకు అన్నిటికంటె నచ్చినది ఇంగ్లండులో 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో మొదలైన పద్ధతి. దూర దూర ఊళ్లలో ఉన్న ఔత్సాహికులు ఒక జట్టుగా చేరి, తలా ఒక ఫోటో వేసిన పెట్టెను తపాలాలో ఒకరి నుండి ఒకరికి పంపుకునేవారు. పెట్టె చేరినవాడు మిగతావారి ఫోటోలు చూసి తన అభిప్రాయము రాసి, తరువాతి మనిషికి పంపాలి. తిరిగి తిరిగి పెట్టె తన దగ్గరకు వచ్చినప్పుడు పాత ఫోటో తీసి, దానిమీద అందరూ రాసినది చదువుకొని, కొత్త ఫోటో వేయాలి. ఇందులో ఒక కిటుకు చూడండి. రాసేవాని ఫోటో కూడా అదే పెట్టెలో ఉన్నది. తానేమీ తీయకుండా గట్టుమీద కూర్చొని రాళ్లు వేసేవానికి అందులో చోటు లేదు. మన వాట్సాప్ గ్రూపులో గట్టిగా వెక్కిరించే తమ్ముళ్లు తాము తీసినవి ఎన్ని పెట్టారో ఒకసారి లెక్కపెట్టుకుంటే మంచిది.

ఇక చెప్పే విధానము. బాప్తిస్మము ఫోటోనే తీసుకుందాము. మిట్టమధ్యాహ్నం కాలువలో తీసినది. బాప్తిస్మము పొందే అమ్మాయి తెల్లబట్టల్లో ఉన్నది, కళ్లున్న చోట రెండు నల్లటి గుంటలు. "బాగాలేదు" అంటే తీసినవానికి తెలిసేది ఒక్కటే, తాను పనికిరానివాడని. ముందు "తమ్ముడూ, ఇందులో నువ్వు ఏమి చూపాలనుకున్నావు?" అని అడగాలి. "నీళ్లలోనుండి లేచినప్పుడు ఆమె ముఖంలోని సంతోషము" అంటాడు. అప్పుడు మాట సులువు అవుతుంది. "ఆ క్షణమును సరిగ్గా పట్టావు. అయితే ఎండ నెత్తిమీద ఉన్నది గనుక కళ్లలో నీడ పడింది. తెల్లబట్టలు ఎక్కువగా ఉంటే ఫోను వెలుగును తగ్గించుకుంటుంది, ముఖాలు ఇంకా నల్లబడతాయి. తెరమీద ఆమె ముఖాన్ని వేలితో తాకి తియ్యి. దూరం నుండి జూమ్ చేయకు, నాలుగడుగులు నీళ్లలోకి దిగు." ఇందులో ప్రతి మాట ఫోటో గురించే ఉన్నది, వచ్చే వారం చేయగలిగినదే ఉన్నది. బాప్తిస్మము ఏ వేళకు పెట్టాలన్నది అతని చేతిలో లేదు గనుక దానిని అతని తప్పుల్లో వేయలేదు. (ఉదయం ఏడింటికి పెడితే ముఖాలకు మంచి వెలుగు వస్తుందన్నది మాలాంటి పాస్టర్లు వినవలసిన మాట.)

ఎక్కడ చెప్పాలన్నదీ ముఖ్యమే. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లో సంగతి మనకు తెలుసు. అలెక్సంద్రియవాడు, గొప్ప వక్త, లేఖనములు బాగా ఎరిగినవాడు. కాని యోహాను బాప్తిస్మము వరకే తెలుసు. ఎఫెసు సమాజమందిరములో అతడు మాట్లాడుచుండగా ప్రిస్కిల్ల, అకుల విన్నారు. లోటు వారికి తెలిసింది. అయినా అందరిలో లేచి నిలువలేదు, అతనిని తమ దగ్గరకు చేర్చుకొని విడిగా వివరించారు. తరువాత అపొల్లో అకయకు వెళ్లి అక్కడి విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు. మా సేవలో ఎదురైన ఒక కుర్రవాని సంగతి వేరు. క్రిస్మస్ ఫోటోలు మసకగా వచ్చాయని యవ్వనస్థుల కూడికలో అందరూ నవ్వారు. గుడిలో వెలుగు చాలనప్పుడు కదిలే పిల్లలు మసకగా వస్తారని, పిల్లలు నిలబడిన క్షణం కోసం ఆగాలని ఎవరూ చెప్పలేదు. రెండేళ్లుగా వాడు కెమెరా ముట్టుకోలేదు. కూడికకు రావడము కూడా తగ్గించాడు.

వినేవాని పని ఇంకా కష్టము. చెప్పేవాడు నోరు తెరవగానే "ఎండ అలా ఉంది", "ఫోను పాతది", "వాళ్లు కదిలారు" అని మనము అడ్డు వస్తాము. ఆ కారణాలన్నీ నిజమే కావచ్చు. ఫోటో చూసేవారికి మాత్రం ఆ కారణాలు కనబడవు. చివరివరకు విని, ఒక్క ప్రశ్న అడగాలి: "నువ్వైతే ఎక్కడ నిలబడేవాడివి అన్నా?" చెప్పినవన్నీ పాటించనక్కరలేదు. ముగ్గురు ముగ్గురూ ఒకే మాట అంటే మాత్రం కాస్త ఆలోచించాలి.

చెప్పడానికి మొహమాటపడకూడని సందర్భము ఒకటి ఉన్నది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుండెలు బాదుకొని ఏడుస్తుండగా దగ్గరకు వెళ్లి తీసిన ఫోటో ఎంత స్పష్టముగా వచ్చినా సరే, "బాబూ, దీన్ని ఎవరికీ పంపకు, ముందు ఆ అమ్మను అడుగు" అని అదే రోజు, అతని భుజము మీద చెయ్యి వేసి చెప్పాలి.

నెలకొక సాయంత్రం నలుగురైదుగురు కూర్చొని తలా రెండు ఫోటోలు చూపించుకుంటే చాలు. వీలైతే ప్రింటు వేయించి తెండి, చిన్న తెరమీద తప్పులు దాగుతాయి. స్త్రీల సమాజములోనుండి కెమెరా ఎన్నడూ పట్టని ఒక పెద్దమ్మను కూడా పిలవండి. ఆమెకు ఫోకస్ తెలియదు, ఫ్లాష్ తెలియదు. కోత పండుగ ఫోటో చేతికిస్తే కళ్ల దగ్గరగా పెట్టుకొని చూసి, "గుమ్మడికాయలు బాగా కనబడుతున్నాయి గాని, అవి పండించిన మా కోడలేదయ్యా?" అని అడుగుతుంది.