పట్టికలో చెట్టు

పోలవరం ముంపు మండలాలతో పాటు చింతూరు 2014లో ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చింది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 2022 ఏప్రిల్ 4న, కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, పైనున్న జిల్లా మారింది. ఈ మార్పును కంప్యూటర్లో ఎక్కించడానికి ఒక్క గడి దిద్దితే సరిపోవచ్చు. వేల వరుసలు తిరగరాయాల్సిన అవసరమూ పడవచ్చు. డేటాబేస్‌ను కట్టినవాళ్లు మొదట్లో ఏ పద్ధతి ఎంచుకున్నారో దాన్నిబట్టి ఉంటుంది.

రాష్ట్రం కింద జిల్లాలు, జిల్లా కింద మండలాలు, మండలం కింద ఊళ్లు. ఇది చెట్టు ఆకారం. రిలేషనల్ డేటాబేస్‌లో ఉండేవి మాత్రం పట్టికలు. పట్టికలోని వరుసలన్నీ ఒకే స్థాయిలో ఉంటాయి. ఒకటి పైన, ఇంకొకటి కింద అనే తేడా ఉండదు. కావాలనే అలా చేశారు. 1960లలో అపోలో చంద్రయాత్రకు కావలసిన శాటర్న్ 5 రాకెట్ విడిభాగాల జాబితాను నిర్వహించడం కోసం ఐబీఎం సంస్థ ఐఎంఎస్ అనే వ్యవస్థ తయారీలో పాలుపంచుకుంది. అందులో సమాచారం చెట్టుగానే ఉండేది. రాకెట్ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి దాని భాగాలకు దిగడం తేలిక. కిందనున్న భాగంతో మొదలుపెట్టి దాన్ని ఎక్కడెక్కడ వాడుతున్నారని అడగడం అంత తేలిక కాదు.

అదే ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో వెలువరించిన పత్రంలో ఈ చిక్కును విప్పి చూపాడు. విడిభాగాలు, ప్రాజెక్టుల సమాచారాన్ని ఐదు రకాలుగా అమర్చవచ్చు. ఒక అమరికను నమ్ముకుని రాసిన ప్రోగ్రామ్ మరో అమరికలో పనికిరాకుండా పోతుంది. అమరిక సంగతి మనిషికి అక్కర్లేకుండా చేయాలంటే అంతా పట్టికల్లో పెట్టాలన్నాడు. నా దృష్టిలో కంప్యూటర్ శాస్త్రంలో వచ్చిన అతి గొప్ప ఆలోచనల్లో అదొకటి. అయితే దానికీ ఒక మూల్యం ఉంది. ఎన్ని మెట్లు దిగాలో ముందే తెలియని ప్రశ్నను కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ బీజగణితంలో రాయడం అసాధ్యమని ఆల్‌ఫ్రెడ్ ఆహో, జెఫ్రీ ఉల్‌మన్ 1979లో నిరూపించారు.

చెట్టును పట్టికలో దాచే అతి సరళమైన మార్గం, ప్రతి వరుసలోనూ 'నా పైన ఎవరు' అనే గడి పెట్టడం. చింతూరు వరుసలో ఆ గడిలో జిల్లా నంబరు ఉంటుంది. జిల్లా మారితే ఆ ఒక్క నంబరు మారుస్తాం. కింది ఊళ్ల వరుసలను తాకనే అక్కర్లేదు. కష్టమంతా వెతికేటప్పుడు వస్తుంది. మండలం కింది ఊళ్లు కావాలంటే ఒక మెట్టు, జిల్లా కింది ఊళ్లు కావాలంటే రెండు మెట్లు. పరిపాలనా విభాగాల లోతు ఇంచుమించు స్థిరం కాబట్టి పట్టికను తనతోనే ఒకటి రెండుసార్లు జోడిస్తే చాలు. రాకెట్ భాగాల లోతు ఎవరు చెప్పగలరు?

అందుకే రిలేషనల్ డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌కు 1999లో వచ్చిన ప్రమాణంలో 'విత్ రికర్సివ్' అనే రకం ప్రశ్న (క్వెరీ) చేరింది. మొదట ఒక వరుసను పట్టుకుంటుంది. దాన్ని తమ పైవాడిగా చెప్పుకున్న వరుసలన్నీ తెస్తుంది. తర్వాత అలా కొత్తగా దొరికినవాటి కిందివాటిని తెస్తుంది. కొత్తవి దొరకని క్షణాన ఆగుతుంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో పోస్ట్‌గ్రెస్‌కు ఈ సౌకర్యం 2009లో వస్తే, మైఎస్‌క్యూఎల్‌లో 2018 దాకా రాలేదు.

ఆ ఎదురుచూపుల కాలంలోనే వేరే ఉపాయాలు బలపడ్డాయి. వాటిలో అందమైనది, జో సెల్కో తన రచనలతో ప్రచారంలోకి తెచ్చిన నెస్టెడ్ సెట్స్. చెట్టంతా చుట్టివస్తూ, ప్రతి చోటా లోపలికి వెళ్లేటప్పుడు ఒక అంకె, బయటికి వచ్చేటప్పుడు ఇంకో అంకె వేస్తారు. ఒక జిల్లాకు 10, 95 పడ్డాయనుకుందాం. ఆ రెంటి మధ్య అంకెలున్న ప్రతి వరుసా ఆ జిల్లాదే. ఎంత లోతున్నా ఒక్క పోలికతో జవాబు వచ్చేస్తుంది. కానీ చింతూరు జిల్లా మారిన రోజున దాని ఊళ్ల అంకెలే కాదు, పాత చోటికీ కొత్త చోటికీ నడుమనున్న అంకెలన్నీ జరపాలి. ప్రతి వరుసలో మూలం నుంచి మొత్తం దారి రాసిపెట్టే పద్ధతిలోనైతే, జరిగిన కొమ్మలోని వరుసలను మాత్రం తిరగరాస్తే చాలు. పైవారు, కిందివారు అనే జంటలన్నిటినీ వేరే పట్టికలో ఉంచే పద్ధతీ ఉంది. దానికి చోటు ఎక్కువ కావాలి.

కాబట్టి శ్రమ ఎటూ తప్పదు, రాసేటప్పుడు పడాలా, చదివేటప్పుడు పడాలా అన్నదే ఎంపిక. రికర్సివ్ క్వెరీ అందుబాటులో ఉన్నచోట పైవాడి నంబరు పద్ధతితోనే మొదలుపెట్టమంటాను. అది నిజాన్ని ఒక్కచోటే రాస్తుంది. మిగతా పద్ధతులు ఒకే నిజాన్ని పలుచోట్ల రాస్తాయి, వాటిలో ఒకటి దిద్దడం మరిస్తే చెట్టు మౌనంగా చెడిపోతుంది.

విడిభాగాల జాబితాలో ఇంకో మెలిక ఉంది. ఒకే రకం బోల్టు చాలా భాగాల్లో ఉంటుంది, అంటే దానికి పైవారు చాలామంది. అప్పుడు అది సిసలైన చెట్టు కూడా కాదు. ఎవరి కింద ఎవరన్నది వేరే పట్టికలో, ఎన్ని అన్న సంఖ్యతో సహా రాయాలి. పొరపాటున అ కింద ఆ, ఆ కింద అ అని నమోదైతే క్వెరీ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. క్వెరీలో కొత్త వరుసలను పాతవాటికి కలిపేచోట 'యూనియన్ ఆల్' బదులు 'యూనియన్' వాడితే, వచ్చిన వరుసే మళ్లీ వచ్చినప్పుడు వదిలేస్తుంది కాబట్టి ఆగుతుంది. అయితే లెక్కింపులో ఆ మందే వికటిస్తుంది. శాటర్న్ 5 మొదటి దశలో 5 ఇంజన్లు. ఒక్కో ఇంజన్‌లో ఒకే రకం బోల్టు రెండు వేర్వేరు భాగాల్లో నాలుగేసి ఉందనుకోండి, కావలసినవి 40. రెండు దారుల్లో వచ్చిన ఒకేలాంటి వరుసలను నకళ్లని తీసేస్తే క్వెరీ 20 అని చెబుతుంది.