పాత ‘లాకింగ్ డిఫరెన్షియల్’ : చేతితో తిప్పి చూస్తే చాలదు

న్యూఢిల్లీ: పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి పాత వాహనాల విడిభాగాలకు పేరుపడిన బజారు. విజయవాడ ఆటోనగర్ చూసినవారికి దీని సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. కొండదారుల్లో, బురద నేలల్లో జీపులు నడిపేవారు ఇటువంటి చోట్ల వెదికే సరుకుల్లో లాకింగ్ డిఫరెన్షియల్ ఒకటి. ఒక చక్రం బురదలో దిగబడి ఊరికే తిరుగుతున్నప్పుడు సాధారణ డిఫరెన్షియల్ ఉన్న బండి కదలదు. గట్టినేల మీదున్న రెండో చక్రానికి తగిన బలం అందకపోవడమే కారణం. లాకింగ్ రకం రెండు చక్రాలనూ బిగించి ఒక్కటిగా తిప్పుతుంది.

మహీంద్రా సంస్థ 2015లో మార్పులతో విడుదల చేసిన థార్ వెనుక ఇరుసులో ఈటన్ సంస్థ రూపొందించిన ఇటువంటి పరికరాన్ని అమర్చింది. అంతకుముందు తయారైన థార్‌లలో అది లేదు. కనుక ‘థార్‌దే’ అని అమ్మకందారు చెప్పినంత మాత్రాన అది లాకింగ్ రకం కాబోదు.

చేతితో తిప్పి చూడడం వల్ల కూడా నిజం బయటపడదు. చక్రాలు రెండూ పైకెత్తి, గేరు వేసి ఉంచి, ఒకదాన్ని మెల్లగా తిప్పితే రెండోది వ్యతిరేక దిశలో తిరుగుతుంది. సాధారణ డిఫరెన్షియల్ చేసే పనీ అదే. ఈటన్ పరికరం చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లకు చేరితేనే బిగుసుకుంటుంది. ఈ సంగతి తెలియక మంచి సరుకును వదులుకునేవారూ ఉంటారు, మామూలు సరుకుకు లాకింగ్ ధర చెల్లించేవారూ ఉంటారు.

కాబట్టి మూత విప్పించి చూడవలసిందే. సాధారణ రకంలో చిన్న పినియన్లు, వాటిని మోసే అడ్డుకడ్డీ, పక్క గేర్లు మాత్రమే ఉంటాయి. లాకింగ్ రకంలో అదనంగా చిన్న బరువులున్న గవర్నర్, దాన్ని పట్టుకునే కొక్కెం, పక్క గేర్ల వెనుక క్లచ్ ప్లేట్లు ఉంటాయి. క్లచ్ ప్లేట్లుండి గవర్నర్ లేకపోతే అది లిమిటెడ్ స్లిప్ రకం కావచ్చు. గవర్నర్ బరువులు విరిగితే పరికరం ఉన్నా లేనట్లే. ప్లేట్లు నీలిరంగుకు తిరిగితే వేడికి కాలినట్లు లెక్క. నూనె అడుగున సన్నని బూడిదరంగు ముద్ద వాడకం వల్ల సహజమే. మెరిసే లోహపు పెళ్లలు కనబడితే మాత్రం బేరం అక్కడితో ఆపడం మేలు.

బండిలోనే బిగించి ఉన్నదాన్ని పరీక్షించాలంటే ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనుక చక్రాలు రెండింటినీ స్టాండ్ల మీద ఎత్తాలి. ఇంజన్ ఆపి, గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఒక చక్రాన్ని ఒక్క ఊపుతో వేగంగా తిప్పాలి. పనిచేసే పరికరమైతే టక్కుమని బిగుసుకుంటుంది, వెనక్కి తిప్పగానే విడిపోతుంది. విడిపోనిది ఇంకా చేటు: మలుపుల్లో టైర్లు అరగడమే కాక ఇరుసు కూడా విరగవచ్చు. ఒకే చక్రాన్ని జాకీ మీద ఎత్తి ఇంజన్‌తో తిప్పి చూపిస్తామంటే ఒప్పుకోరాదు. లాక్ పడిన క్షణంలో నేల మీది చక్రం బండిని జాకీ మీంచి ముందుకు లాగేస్తుంది.

క్రౌన్, పినియన్లతో సహా కొనేవారు రెండింటి పళ్లూ లెక్కపెట్టుకోవాలి. నాలుగు చక్రాల బండిలో వెనుక నిష్పత్తి ముందు ఇరుసు నిష్పత్తితో సరిపోకపోతే ఫోర్‌వీల్ వేసినప్పుడు రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఇరుసు కడ్డీ గాళ్ల సంఖ్య కలవకపోతే పరికరం అసలు బండికి ఎక్కనే ఎక్కదు.