కువైట్ వెళ్తున్నారా? ముందు ఆ దేశం గురించి తెలుసుకోండి

రాయచోటి, రాజంపేట వైపు ఏ పల్లెకి వెళ్ళినా, అటు కోనసీమలో ఏ ఊళ్ళో అడిగినా "మా అమ్మ కువైట్‌లో ఉంది" అని చెప్పే పిల్లలు కనిపిస్తారు. ఆ దేశం ఎక్కడుంది, ఎవరు పాలిస్తారు, అక్కడి ఇళ్ళల్లో రోజు ఎలా గడుస్తుంది అంటే మాత్రం, రేపో మాపో విమానం ఎక్కబోయే ఆడవాళ్ళకి కూడా తెలియదు. మావారి ఉద్యోగం వల్ల నేను ఏడేళ్ళు కువైట్‌లోని ఫర్వానియాలో ఉన్నాను. ఇప్పుడు కడపలో మా ఇంటికి "అక్కా, వీసా వచ్చింది, పొమ్మంటావా, వద్దంటావా?" అంటూ చాలామంది వస్తుంటారు. నేను పొమ్మనీ అనను, వద్దనీ అనను. ముందు కూచోబెట్టి ఆ దేశం సంగతులు చెప్తాను. అవే మీకూ చెప్తున్నాను.

నది లేని దేశం

కువైట్ చాలా చిన్న దేశం. విస్తీర్ణం దాదాపు 17,800 చదరపు కిలోమీటర్లు. అంటే విడిపోకముందు మన ప్రకాశం జిల్లా అంత అన్నమాట! ఉత్తరాన, పడమర ఇరాక్, దక్షిణాన సౌదీ అరేబియా, తూర్పున సముద్రం. దేశం మొత్తం మీద ఒక్క నది లేదు. పూర్వం ఇరాక్ వైపు నుంచి పడవల్లో మంచినీళ్ళు తెచ్చుకునేవారట. 1950ల నుంచి సముద్రపు నీటిలో ఉప్పు తీసేసి వాడుకుంటున్నారు.

ఎండల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2016 జూలైలో మిత్రిబా అనే చోట దాదాపు 54 డిగ్రీలు నమోదైంది. మన రెంటచింతల కూడా దాని ముందు చల్లనే! అయితే చలికాలంలో స్వెట్టర్ లేనిదే ఉండలేం. ఇది తెలియక పల్చటి చీరలే సర్దుకెళ్ళి వణికిపోయిన వాళ్ళని చూశాను.

మన రూపాయి చెల్లిన చోటు

నూనె దొరక్క ముందు కువైటీలు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారు. చెక్క ఓడల్లో బొంబాయి దాకా వచ్చి వ్యాపారం చేసేవారు. 1961 దాకా అక్కడ చెల్లింది మన రూపాయే అంటే నమ్ముతారా? 1938లో బుర్గాన్ దగ్గర నూనె పడింది. 1946లో ఎగుమతి మొదలైంది. ఆ తర్వాత కువైటీల బతుకే మారిపోయింది. 1961లో బ్రిటిష్ వారి రక్షణ నుంచి బయటపడి స్వతంత్ర దేశమైంది. ఇప్పుడు వాళ్ళ దినార్ మన డబ్బులో 250 రూపాయల పైమాటే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి పడ్డప్పుడు లక్షా డెబ్బై వేల మంది దాకా మనవాళ్ళు కట్టుబట్టలతో జోర్డాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇంటికొచ్చారు. యుద్ధం ముగిశాక మళ్ళీ వెళ్ళారు. ఇవాళ అక్కడి జనాభా 50 లక్షలకు అటూ ఇటూగా ఉంటే, అందులో మూడింట రెండొంతులు పరదేశీలే. వారిలో మన భారతీయులే ఎక్కువ, పది లక్షల దాకా ఉంటారు.

ఎవరు పాలిస్తారు?

పాలకుణ్ణి అమీర్ అంటారు. అల్ సబా వంశం వారే అమీర్లవుతారు. 2023 డిసెంబరు నుంచి షేక్ మిషాల్ ఆ పదవిలో ఉన్నారు. 1962 నాటి రాజ్యాంగం ప్రకారం 50 మందిని ప్రజలు ఎన్నుకునే శాసనసభ కూడా ఉంది. కానీ 2024 మేలో అమీర్ దాన్ని రద్దు చేసి, నాలుగేళ్ళ దాకా సభ లేకుండా పాలించేందుకు వీలు కల్పించుకున్నారు. అక్కడి ఆడవాళ్ళకి ఓటు హక్కు 2005లో గానీ రాలేదు. 2009లో నలుగురు మహిళలు తొలిసారి సభకు గెలిచారు. చదువుకుని, కార్లు నడుపుకుంటూ ఆఫీసులకి వెళ్ళే కువైటీ స్త్రీలు ఎంతోమంది. వాళ్ళు అలా వెళ్ళగలుగుతున్నారంటే ఇంట్లో వంట చేసేది, పిల్లల్ని చూసేది మన కడప ఆమో, గోదావరి ఆమో!

ఆ ఇంట్లో రోజు

మధ్యాహ్నం భోజనమే వాళ్ళకి పెద్ద భోజనం. మాంసం, మసాలాలు వేసి వండే మచ్‌బూస్ అనే అన్నం తరచుగా ఉంటుంది. సాయంత్రం మగవాళ్ళు దివానియా అనే గదిలో చేరి టీలు, యాలకుల కాఫీలు తాగుతూ పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటారు. ఆ కప్పులన్నీ కడిగాకే పనామెకి నిద్ర. శుక్ర, శనివారాలు సెలవు. శుక్రవారం బంధువులంతా తాతగారింట్లో చేరతారు, పని రెట్టింపవుతుంది. రంజాన్ నెలలో వంట రాత్రిళ్ళు సాగుతుంది. ఆ నెల పగటిపూట బయట ఎవరూ, ఏ మతం వారైనా సరే, తినకూడదు, తాగకూడదు. తప్పితే శిక్ష ఉంటుంది.

మంచి ఇల్లు దొరికితే కన్నబిడ్డలా చూసుకుంటారు. పనామె కూతురి పెళ్ళికి బంగారం పెట్టి పంపిన యజమానురాలిని నేనెరుగుదును. ఫోన్ లాక్కుని, ఎనిమిది నెలలు జీతమివ్వని ఇంటి నుంచి ఏడుస్తూ మా వీధికి వచ్చిన రాజంపేట అమ్మాయినీ ఎరుగుదును. తలుపు మూసుకున్నాక లోపల ఏం జరిగేదీ పక్కింటికి కూడా తెలియదు. అందుకే చట్టం మీ నోట్లో ఉండాలి.

చట్టం ఏమంటోంది?

ఇళ్ళల్లో పనిచేసేవారి కోసం కువైట్ 2015లో ప్రత్యేక చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికొక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని మానేసి వచ్చేటప్పుడు పనిచేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. మీ పాస్‌పోర్టు మీ ఇష్టం లేకుండా యజమాని ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు.

కానీ ఒక మెలిక ఉంది. ఖద్దామా వీసా మీద వెళ్ళినవారు సాధారణంగా యజమాని ఒప్పుకోకుండా వేరే ఇంటికి మారలేరు. చెప్పకుండా బయటికి వచ్చేస్తే పరారీ అయిందని కేసు పెట్టొచ్చు. అప్పుడు బతాకా చెల్లదు, పోలీసులకి దొరికితే ఇంటికి పంపేస్తారు. కష్టమొస్తే ఎవరో చెప్పిన మరో ఇంటికి కాకుండా, తిన్నగా దయ్యా ప్రాంతంలోని మన రాయబార కార్యాలయానికే వెళ్ళండి. ప్రాణం మీదికొస్తే పోలీసు నంబరు 112.

బయల్దేరే ముందు

పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు మీద గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థలనే అడగండి. వయసు ఎక్కువ వేయిస్తాననీ, విజిట్ వీసా మీద దుబాయ్ తీసుకెళ్ళి అక్కడి నుంచి పంపిస్తాననీ ఏజెంటు అంటే ఆ గడప తొక్కొద్దు. అలా వెళ్ళినవారి పేరు మన ప్రభుత్వ లెక్కల్లోనే ఉండదు, ఆపదలో వెతికేదెలా?

ఒప్పంద పత్రం, పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు పెట్టండి. యజమాని పేరు, ఫోను, ప్రాంతం పేరు అమ్మకో, చదువుకున్న కూతురికో రాసివ్వండి.

చివరిగా ఒక్క మాట. పన్నెండేళ్ళు కష్టపడి తిరిగొచ్చిన ఒకామె పేర ఇల్లూ లేదు, బ్యాంకులో వెయ్యి రూపాయలూ లేవు. పంపిందంతా భర్త ఖాతాలోకి పోయింది. విమానం టికెట్ కంటే ముందు మీ పేర బ్యాంకు ఖాతా తెరవండి. పాసుబుక్కు మీ తల్లి దగ్గర పెట్టి, నెలనెలా సగమైనా అందులోకే పంపండి. ఎన్నేళ్ళుంటారో, ఎంత కూడాక తిరిగొస్తారో పిల్లలకి చెప్పి మరీ బయల్దేరండి.