గోల్ఫ్ మైదానం ఇచ్చిన పాపానికి

దక్షిణ కొరియాలోని సొంగ్జు ప్రాంతం పసుపు రంగు తీపి దోసపండ్లకు పేరు. ఉత్తర కొరియా క్షిపణుల్ని ఆకాశంలోనే కూల్చే అమెరికా వ్యవస్థ ‘థాడ్’ను అక్కడ పెడుతున్నట్టు 2016 జులైలో ప్రభుత్వం ప్రకటించింది. థాడ్‌లోని రాడార్ తరంగాల మాట వింటే తమ పండ్లు ఎవరు కొంటారని రైతులు రోడ్డెక్కారు. వందలాది మంది నిరసనగా గుండ్లు గీయించుకున్నారు. చివరికి అదే ప్రాంతంలో లోట్టే సంస్థకున్న గోల్ఫ్ మైదానాన్ని ఎంచుకున్నారు. 2017 ఫిబ్రవరిలో లోట్టే స్థలమివ్వడానికి ఒప్పుకుంది.

ఆ రాడార్ తమ భూభాగంలోకి తొంగిచూస్తుందని చైనా మండిపడింది. అయినా ఆంక్షలంటూ ఏమీ ప్రకటించలేదు. బదులుగా చైనాలోని లోట్టే మార్ట్‌ దుకాణాలకు తనిఖీ అధికారులు వచ్చారు, అగ్నిమాపక ఏర్పాట్లు సరిగా లేవన్నారు, మూయించారు. వంద దాకా ఉన్న ఆ దుకాణాల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి. కొరియాకు బృంద యాత్రల అమ్మకాలు ఆగిపోయాయి. 2016లో 80 లక్షలకు పైగా వచ్చిన చైనా పర్యాటకులు మరుసటి ఏడాది దాదాపు సగమయ్యారు. సియోల్‌లో వాళ్ల మీదే ఆధారపడ్డ సౌందర్య సాధనాల దుకాణాలు వెలవెలబోయాయి.

అమెరికా, దక్షిణ కొరియాల మధ్య 1953 నాటి రక్షణ ఒప్పందం ఉంది. 28 వేలకు పైగా అమెరికా సైనికులు కొరియాలోనే ఉన్నారు. కానీ ఆ ఒప్పందం సాయుధ దాడి గురించి మాట్లాడుతుంది. దుకాణానికి పడ్డ తాళం దాని కిందికి రాదు. నా దృష్టిలో ఆసియా కూటముల అసలు లోపం ఇదే: కాపలాకు మిత్రుడున్నాడు, నష్టంలో పాలు పంచుకోవడానికి లేడు. అప్పట్లో కొరియా ఎగుమతుల్లో నాలుగో వంతు చైనాకే వెళ్లేవి మరి!

అందుకే 2017 అక్టోబరు ఆఖర్లో సియోల్ రాజీకి వచ్చింది. థాడ్‌లు ఇంకా పెంచబోమని, అమెరికా క్షిపణి రక్షణ వలయంలో చేరబోమని, జపాన్‌తో కలిసి త్రైపాక్షిక సైనిక కూటమి కట్టబోమని విదేశాంగ మంత్రి పార్లమెంటులో చెప్పారు. లోట్టేకు అదీ అక్కరకు రాలేదు. 2018లో ఆ దుకాణాల్ని అమ్ముకుంది. చైనా మీద ఆధారపడటం తగ్గించుకోవాలని కొరియా ఆగ్నేయాసియా వైపు, భారత్ వైపు చూపు మళ్లించింది.

2023 ఆగస్టులో క్యాంప్ డేవిడ్‌లో అమెరికా, జపాన్, కొరియా అధినేతలు కూర్చున్నారు. ముప్పు వస్తే సంప్రదించుకుంటామన్నారు, సరఫరాలకు ఇబ్బంది వస్తే ముందే హెచ్చరించుకునే ఏర్పాటూ చేసుకున్నారు. మూతపడ్డ దుకాణం నష్టం ఎవరు భరించాలన్నది మాత్రం అక్కడా తేల్చలేదు.