కాలువ వెంట నడిచిన చదువు

బోధన్, బాన్సువాడల నడుమ వరి మడుల మధ్య ఉన్న ఊరు రుద్రూర్. 2016 జిల్లాల విభజనలో వర్ని నుంచి విడివడి మండల కేంద్రమైంది. జిల్లా నిజామాబాద్, ఓటు మాత్రం బాన్సువాడ నియోజకవర్గానికి. ఆ బాన్సువాడేమో కామారెడ్డి జిల్లాలో చేరింది. ఇంత చిన్న మండలంలో చెరకు, వరి పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం, వ్యవసాయ పాలిటెక్నిక్, బీటెక్ చెప్పే ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉన్నాయి. పెద్ద పట్నం దరిదాపుల్లో లేని ఊరికి ఇన్ని చదువులెలా వచ్చాయంటే, ముందుగా నీళ్ల సంగతి చెప్పుకోవాలి.

నీళ్లు, చెరకు, చక్కెర

మంజీరా నదిపై నిజాంసాగర్ పనులు 1923లో మొదలై 1931లో ముగిశాయి. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ పారాక ఈ నేల రూపే మారింది. కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొని స్థిరపడ్డాయి. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ ‘క్యాంపు’లనే అంటారు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఫ్యాక్టరీ నడవాలంటే చెరకు కావాలి, దిగుబడి పెరగాలంటే మంచి రకాలు కావాలి. రుద్రూర్ పరిశోధన కేంద్రం తీర్చింది ఆ అవసరాన్నే.

ఆ పని గుర్తు చెరకు రకాల పేర్లలో ఉంది. 83ఆర్23, 85ఆర్186 అనే రకాల్లో ముందున్న అంకె ఏడాదిని, నడుమ ఉన్న ‘ఆర్’ రుద్రూర్‌ను సూచిస్తాయి. అనకాపల్లి రకాలకు ‘ఎ’, ఉయ్యూరు రకాలకు ‘వి’ ఎలాగో ఇదీ అంతే. తర్వాత వరి పైచేయి కావడంతో కేంద్రం వరి రకాల మీదా దృష్టి పెట్టింది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1996లో దానికే వచ్చిన ఆచార్య ఎన్.జి. రంగా పేరు, 2014 నుంచి ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం... పైన బోర్డు మారుతూ వచ్చినా కింద మడుల్లో పని ఆగలేదు.

పదో తరగతి తర్వాత

పాలిటెక్నిక్‌ది వేరే దారి. పదో తరగతి అయిన పిల్లలకు రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా. చేరేది ఎక్కువగా పల్లె పిల్లలే. డిప్లొమా చేతికొస్తే వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) ఉద్యోగానికి అర్హత వస్తుంది. సుమారు 5 వేల ఎకరాలకో ఏఈవో ఉండాలన్న తెలంగాణ పద్ధతిలో ఈ డిప్లొమాకు గిరాకీ పెరిగింది. ఇంకా చదవాలనుకున్నవాళ్లకు అగ్రిసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీలో చేరే దారి ఉంది.

ఇలాంటి చదువు చెప్పే చోటునే ప్రపంచం కమ్యూనిటీ కాలేజీ అంటోంది. అమెరికాలో 1901లో ఇల్లినాయి రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైన రెండేళ్ల కాలేజీ దీనికి ఆద్యం. మన దేశంలో ఆ పేరుతో తొలి ప్రయత్నం 1995లో పుదుచ్చేరిలో జరిగింది. చుట్టుపక్కల బతుకుకు కావాల్సింది తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో నేర్పడం ఈ కాలేజీల లక్షణం. రుద్రూర్‌లో ఎవరూ ఆ పేరు వాడలేదు కానీ, పని మాత్రం అదే.

ఫ్యాక్టరీ మూత, కాలేజీ రాక

ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఫుడ్ టెక్నాలజీ కాలేజీలు బాపట్ల, పులివెందులల్లో ఉండేవి. విభజనతో రెండూ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. తెలంగాణ తనకంటూ ఒకటి పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆ కాలేజీ రుద్రూర్‌కు దక్కింది. అప్పటి వ్యవసాయ మంత్రి పోచారం శ్రీనివాస్‌రెడ్డి బాన్సువాడ ఎమ్మెల్యే కూడా. అయితే పరిశోధన కేంద్రం ముందే ఉన్న ఊరు కాబట్టి కాలేజీ ఇక్కడ అతికినట్టు సరిపోయింది.

కాలం మాత్రం చిత్రమైన ముడి వేసింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పంటను సరుకుగా మార్చే అతి పెద్ద కర్మాగారం ఆగిపోయిన రోజుల్లోనే, పంటను సరుకుగా మార్చడమెలాగో నేర్పే కాలేజీ పక్క మండలానికి వచ్చింది.

ఆ విద్యకు పని లేకపోలేదు. చెరకు వదిలిన రైతు వరి పట్టాడు. యాసంగి వడ్లు ఎండవేడికి మిల్లులో నూకవుతాయి. అందుకే ఉప్పుడు బియ్యం పడతారు. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్ర ప్రభుత్వం చెప్పడంతో రాష్ట్రమంతా వడ్ల గొడవ నడిచింది. తేమ, తాలు, తరుగు అన్న మూడు మాటల మధ్య రైతు ఏటా నలుగుతూనే ఉన్నాడు. నూకకు, తవుడుకు, తడిసిన ధాన్యానికి విలువ తెచ్చే మార్గాలు వెతకడం ఫుడ్ టెక్నాలజీ పనే.

రుద్రూర్ చరిత్రలో ప్రతి మైలురాయి వెనకా ఒక పంట అవసరం ఉంది. నీళ్లొస్తే పరిశోధన వచ్చింది, రైతుకు సలహా కావాల్సొస్తే డిప్లొమా వచ్చింది, పంట మిగిలిపోతే ఫుడ్ టెక్నాలజీ వచ్చింది. రావాల్సిన మైలురాయి ఇంకో కాలేజీ భవనం కాదు. ఇక్కడ పట్టా పుచ్చుకున్నవాళ్లు హైదరాబాద్ బస్సెక్కకుండా ఈ ఆయకట్టులోనే నిలదొక్కుకునేలా బియ్యం, పసుపు, మక్కల యూనిట్లు రావాలి. వాటికి అప్పు, కరెంటు, మార్కెట్ సమకూర్చే పని ప్రభుత్వానిది. అది జరగకపోతే కాలేజీ ఉంటుంది, ర్యాంకులు వస్తాయి. రైతు మాత్రం వడ్ల కుప్ప దగ్గరే కాంటా కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.