గాలిని పట్టే విద్య

శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి రెండో శతాబ్దంలో వేయించిన నాణేల్లో ఓడ బొమ్మ ఉన్నవి మన తీరంలో దొరికాయి. అంత చిన్న జాగాలోనూ పనివాడు ఓడ మీద రెండు స్తంభాలు నిలబెట్టాడు. ఓడకు ఆనవాలు స్తంభాలూ తెరచాపలే. నావికులు ఓడల రకాలకు పేర్లు పెట్టిందీ వాటిని బట్టే.

తెరచాపల్లో రెండు పెద్ద జాతులున్నాయి. చదరపు తెరచాప స్తంభానికి అడ్డంగా కట్టిన దూలం నుంచి వేలాడుతుంది. గాలి వెనక నుంచి వీస్తే దానికి తిరుగులేదు. రెండోది ఓడ పొడవు వెంట నిలిచే తెరచాప. అరబ్బుల ధో ఓడల మీద ఏటవాలుగా ఎగిరేది ఈ జాతిదే.

గాలి ఎదురైతే? పొడవు వెంట నిలిచిన తెరచాప గాలిని ఒక పక్కకు మళ్లిస్తుంది. ఆ ఒత్తిడికి ఓడ పక్కకు జరగబోతుంది, కానీ నీళ్లలో మునిగిన అడుగుభాగం జరగనివ్వదు. సీతాఫలం గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ముందుకు జారుతుంది కదా, గాలికీ నీటికీ మధ్య ఓడ కూడా అలాగే ముందుకు జారుతుంది. అయినా గాలికి సూటిగా ఎదురు పోలేదు. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు ఎక్కినట్టు, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తిరుగుతూ పోవాలి. చదరపు తెరచాపల ఓడకు ఈ మలుపులు మరీ వెడల్పు, ప్రయాణం మరీ ఆలస్యం.

మరి దాన్ని ఎందుకు వదల్లేదు? 1869లో స్కాట్లండ్‌లో కట్టిన చదరపు తెరచాపల ఓడ కట్టీ సార్క్‌ను చూడండి. మూడు స్తంభాలు, సుమారు 3,000 చదరపు మీటర్ల తెరచాప గుడ్డ, 17 కిలోమీటర్లకు పైగా తాళ్లు. ఆ తాళ్లలో కొన్ని స్తంభాలను కదలకుండా పట్టి ఉంచేవి, కొన్ని దూలాలనూ తెరచాపలనూ తిప్పేవి. తెరచాప చుట్టాలంటే నావికులు స్తంభం ఎక్కి, దూలం కింద వేలాడే తాడు మీద కాళ్లు ఆనించి, పొట్ట దూలానికి ఆన్చి రెండు చేతులతో తడిగుడ్డను లాగాలి. ఆస్ట్రేలియా ఉన్నితో తిరిగొచ్చే దారిలో, దక్షిణ సముద్రంలో ఎడతెగని పడమటి గాలి వెనక నుంచి తోస్తుంటే, 1885లో ఈ ఓడ సిడ్నీ నుంచి లండన్‌కు 73 రోజుల్లో చేరింది.

అన్ని స్తంభాలకూ పొడవు తెరచాపలే కట్టే స్కూనర్ అనే ఓడకు అంతమంది నావికులు అక్కర్లేదు. తెరచాపలను చాలావరకు డెక్ మీద నుంచే లాగొచ్చు. 1902 నాటి థామస్ డబ్ల్యూ. లాసన్‌కు ఏడు స్తంభాలున్నా, ఆవిరి యంత్రాల సాయంతో సుమారు పద్దెనిమిది మందే నడిపేవారు. గాలి మాటిమాటికీ మారే తీరాల్లో స్కూనర్‌ది పైచేయి.

ఇదే విద్యతో 2017లో ఆరుగురు భారత మహిళా నౌకాదళ అధికారులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్లలో విశాఖపట్నం నుంచి పాతపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తారిణికి ఒకటే స్తంభం, తెరచాపలు ముక్కోణపువి. కట్టీ సార్క్‌ను తోసిన ఆ పడమటి గాలినే వీళ్లూ పట్టుకున్నారు, ఆరు జతల చేతులతో.