జంట రెక్కలకు దారమే ఆధారం

బొంరాస్‌పేట: చేలో పని చేసుకుంటూ తలెత్తి చూస్తే ఆకాశంలో సాగిపోయే విమానానికి ఒకే జత రెక్కలు కనిపిస్తాయి. వందేళ్ల కిందట అలా ఉండేది కాదు. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటి నడుమ నిలువు కొయ్యలు, కొయ్యల మధ్య ఏటవాలుగా బిగించిన ఉక్కు తీగలు ఉండేవి. బైప్లేన్లుగా పిలిచే ఈ విమానాల నమూనాలను ప్లాస్టిక్ కిట్లతో ఇంట్లోనే తయారు చేసుకునే అభిరుచి ప్రపంచమంతటా ఉంది. మన ప్రాంతంలోనూ ఆసక్తి ఉన్న విద్యార్థులకు ఇప్పుడు కిట్లు తపాలాలో ఇంటికే వస్తున్నాయి. అయితే మొదటిసారి చేసేవారు చాలామంది ఒకేచోట ఆగిపోతారు. దేహం, రెక్కలు అతికించే వరకు పని సాఫీగానే సాగుతుంది. తీగల బిగింపు దగ్గరికి వచ్చేసరికి ఓపిక నశించి డబ్బా అటకెక్కుతుంది. ఆ తీగలు ఎందుకున్నాయో తెలియకపోవడమే దీనికి అసలు కారణం.

హైదరాబాద్ పేరు మోసిన విమానాలు

ఈ విమానాలతో మనకేమి సంబంధమని అడిగేవారికి ఒక చరిత్ర చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది 1918లో బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు అందిన తొలి విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బహూకరించినవే. డీహెచ్-9ఏ రకానికి చెందిన ఆ విమానాల్లో ప్రతిదానిపైనా ఈ సంగతి తెలిపే అక్షరాలు రాశారు. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరే స్థిరపడింది. అప్పట్లో కొడంగల్, పరిగి, తాండూరు ప్రాంతాలన్నీ నిజాం ఏలుబడిలోనివే.

ఇందులో గర్వపడేది ఎంత ఉందో ఆలోచించదగినదీ అంతే ఉంది. అవి జర్మనీ లోపలి పట్టణాలపై పగటివేళ బాంబులు వేసేందుకు వెళ్లిన విమానాలు. 1918 అక్టోబరు 5న దాడికి వెళ్లిన 12 విమానాల్లో 4 తిరిగి రాలేదు. అదే నెల 21న వెళ్లిన 13లో 7 రాలేదు. అక్టోబరు 5న శత్రువు చేతికి చిక్కిన వాటిలో ఎఫ్-1010 సంఖ్య గల విమానం మాత్రం నాశనం కాకుండా మిగిలింది. దాన్ని జర్మన్లు బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. తర్వాత అది పోలండ్‌కు చేరి, అక్కడి నుంచి 1977లో బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. లండన్ శివారు హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో దాన్ని భద్రపరిచారు. నమూనా చేయదలచిన వారికి ఇంతకు మించిన ఆధారం లేదు. దాని ఫొటోలు చూసి ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో సరిచూసుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో ప్రాథమిక శిక్షణ పాఠశాల నడిచింది. అక్కడ కొత్త పైలట్లు నేర్చుకున్నది టైగర్ మాత్ అనే చిన్న జంట రెక్కల విమానంపైనే. అన్నట్టు, హైదరాబాద్ అనే పేరుతోనే హ్యాండ్లీ పేజ్ సంస్థ 1923లో ఒక పెద్ద బాంబర్‌ను రూపొందించింది. అదీ జంట రెక్కలదే.

అగ్గిపెట్టె చెప్పే పాఠం

తీగల పని ఏమిటో తెలియాలంటే పుల్లలు తీసేసిన అగ్గిపెట్టె పైడబ్బా చాలు. దాన్ని ఒక మూల నుంచి నొక్కితే పక్కకు వాలి చదునైపోతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు దారం గట్టిగా కట్టి చూడండి. ఆ దిశలో ఇక వాలదు. ఎదురు మూలలకూ మరో దారం కడితే ఎటూ కదలదు. రెండు రెక్కలు, నిలువు కొయ్యలు కలిసి ఇలాంటి డబ్బానే. దారం లాగగలదే గాని నెట్టలేదు గనుక రెండు వైపులా రెండు కావలసి వచ్చాయి. అమెరికాలో రైలు వంతెనలు కట్టిన ఇంజినీరు ఆక్టేవ్ షాన్యూట్ 1896లో తన గ్లైడర్‌కు వంతెన కట్టే పద్ధతినే వాడారు. రైట్ సోదరుల 1903 నాటి విమానమూ అదే దారిలో నడిచింది.

ఇక పేర్లు. దేహం వద్ద కింది రెక్క మొదలు నుంచి పైకి, బయటికి పోయి పై రెక్కను పట్టుకునే తీగలు ఎగిరే వేళ పని చేస్తాయి. రెక్కలు గాలికి పైకి లేవబోతే వాటిని దేహానికి కట్టి ఉంచేవి ఇవే. వీటిని ఫ్లయింగ్ వైర్లంటారు. పై రెక్క మధ్యభాగం నుంచి కిందికి, బయటికి దిగే తీగలు నేలపై ఉన్నప్పుడు రెక్కల బరువు మోస్తాయి. ఇవి ల్యాండింగ్ వైర్లు. ముందు కొయ్యకూ వెనుక కొయ్యకూ మధ్య అడ్డంగా పెనవేసినవి రెక్క వాలును కాపాడతాయి. ఈ మూడు రకాలను గుర్తుపట్టగలిగితే చిక్కుముడిలా కనిపించే బొమ్మ ఒక్కసారిగా విడిపోతుంది. ఇవి గాక చుక్కానికి, రెక్కల చివరి పలకలకు పోయే తాళ్లు వేరు. అవి పైలట్ చేతి కర్రతో, కాలి పెడల్‌తో కదులుతాయి.

మొదటిసారి చేసేవారు టైగర్ మాత్‌తో మొదలుపెట్టడమే మేలు. దానికి ఒక్కో వైపు ఒకే జత కొయ్యలు. డీహెచ్-9ఏకు ఒక్కో వైపు రెండు జతలు గనుక తీగలూ దాదాపు రెట్టింపు. ఉత్సాహం కొద్దీ ముందే పెద్దదానికి చేయి పెట్టి, సగంలో వదిలేసేవారే ఎక్కువ.

ఎంత సన్నని దారం?

ఇది అందాజుతో తేల్చే విషయం కాదు, లెక్క. 5 మిల్లీమీటర్ల మందం గల తీగ 48వ వంతు నమూనాలో 0.1 మిల్లీమీటరు అవుతుంది. 72వ వంతులో 0.07 మాత్రమే. అంటే ఇంచుమించు తల వెంట్రుక మందం. ఇంట్లో ఉండే కుట్టుదారం అంతకు ఎన్నో రెట్లు లావు. పైగా దానికి నూగు ఉంటుంది. రెక్కల మధ్య దాన్ని కడితే విమానం కాస్తా బట్టలారేసే దండెంలా కనిపిస్తుంది. చేపలు పట్టే గాలానికి వాడే నైలాన్ దారంలో అన్నింటికంటే సన్నని రకం బాగా పనికొస్తుంది. సాగే రబ్బరు గుణమున్న ప్రత్యేక దారాలూ దొరుకుతాయి. పొరపాటున చేయి తగిలినా తెగకపోవడం వాటి సుగుణం. ఖర్చు లేని మార్గం మరొకటుంది. కిట్‌లోని భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి సెగకు మెత్తబరచి, సెగ నుంచి తీసి రెండు చేతులతో నిదానంగా లాగితే వెంట్రుకంత సన్నని పోగు వస్తుంది. పిల్లలు ఈ పని పెద్దల సమక్షంలోనే చేయాలి.

మెరిసే వెండి రంగు వేయవద్దు. అసలు తీగలు దూరానికి ముదురు బూడిద రంగులో కనిపించేవి. పెన్సిల్ ముల్లు పొడిని వేలికి అద్దుకుని దారంపై లాగితే ఆ ఛాయ చక్కగా వస్తుంది.

రంగు ముందు, రెక్క తర్వాత

చాలామంది చేసే తప్పు మొత్తం అతికించాక రంగు తీయడం. కొయ్యల మధ్య కుంచె పోదు, దారాలకు రంగు అంటుతుంది. దేహం, కింది రెక్కలు, పై రెక్క అడుగుభాగం అన్నీ విడివిడిగానే రంగు వేసి, గుర్తులు అంటించి ఆరబెట్టాలి. ఆ తర్వాత చేతితో తిప్పే సన్నని బర్మాతో, 0.3 మిల్లీమీటర్ల ముల్లుతో, ప్రతి తీగ చివర ఉండే చోట రంధ్రం చేయాలి. పై రెక్క అడుగున రంధ్రం సగం లోతు వరకే చాలు. కింది రెక్కలో మాత్రం ఆర్‌పార్ పోవాలి. దారాలన్నింటినీ ముందుగా పై రెక్కలోనే చుక్క జిగురుతో నాటేయాలి. రెక్కకు వేళ్లు మొలిచినట్టు వేలాడుతున్న ఆ దారాలను టేపుతో పక్కకు కట్టి ఉంచాలి.

అప్పుడు కొయ్యలు నిలబెట్టి పై రెక్క అమర్చాలి. రెండు రెక్కలూ సమాంతరంగా ఉండేందుకు అట్టపెట్టెను కత్తిరించి ఆసరాగా చేసుకోవడం మంచిది. ఒక రాత్రంతా దాన్ని ముట్టుకోకూడదు. మరునాడు దారాలను కింది రెక్క రంధ్రాల గుండా లాగి, చివరకు బట్టల క్లిప్పు బరువు వేలాడదీసి, జిగురు చుక్క పెట్టి, ఆరాక మిగులు కత్తిరించాలి. దేహం పక్కనున్న లోపలి దారాలతో మొదలుపెట్టి బయటికి రావాలి. ఎడమన ఒకటి బిగిస్తే వెంటనే కుడివైపు దాని జత బిగించాలి.

ఈ చివరి మాట ఎంత ముఖ్యమో ఈ వ్యాసకర్తకు తొలి నమూనా నేర్పింది. ఎడమవైపు మొత్తం పూర్తి చేసి కుడివైపు తిరిగేసరికి పై రెక్క ఒక పక్కకు మెలితిరిగి ఉంది. నులక మంచాన్ని ఒక్క పక్కనే బిగిస్తే ఎదుటి కాలు నేల విడిచి లేస్తుంది కదా, అదే సూత్రం. నారాయణపేట మగ్గాలపై పడుగు చూసినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కర్లేదు. ఏ పోగూ ఎక్కువ లాగకూడదు, ఏదీ వదులుగా ఉండకూడదు. ప్లాస్టిక్ రెక్క ఉక్కు కాదు. దారం నిటారుగా కనిపిస్తే చాలు, మోగేంత బిగి అవసరం లేదు.

అయినా ఒకటి రెండు వదులుగా మిగులుతాయి. డప్పును మంట దగ్గర కాచి బిగించడం మనకు తెలిసిందే. నైలాన్ దారానిదీ అదే తీరు. వెలుగుతున్న అగరుబత్తిని దారానికి తాకకుండా కాస్త దూరంగా కదిలిస్తే వేడికి ముడుచుకుని బిగుసుకుంటుంది. ఒక్క క్షణం ఎక్కువైతే తెగుతుంది గనుక ముందు పాత దారంపై చేయి సాధన చేసుకోవాలి. సాగే దారాలకు, లాగిన ప్లాస్టిక్ పోగులకు నైలాన్ కొలతలు పనికిరావు, అవి మరింత తొందరగా పోతాయి. క్షణాల్లో అతికే జిగురు ఆవిరి చుట్టుపక్కల రంగుపై తెల్లటి మచ్చ వేస్తుంది. బయటికి కనిపించే చోట ఫెవికాల్ వంటి తెల్ల జిగురు వాడితే ఆ బెడద ఉండదు. ఆరాక పారదర్శకంగా మారుతుంది.

పీసీ-10 అనే పంచాయితీ

రంగుల విషయంలో నమూనాలు చేసేవారు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. నాటి రెక్కలకు తొడిగింది నార బట్ట. దానిపై పూసే ద్రావకం ఆరుతూ బట్టను బిగదీసేది. ఎండకు బట్ట చివికిపోకుండా పైభాగాన పీసీ-10 అనే పూత పూసేవారు. అందులో ఉన్నవి ప్రధానంగా ఇనుప ఆక్సైడు, దీపపు మసి. కలిపిన తీరును బట్టి, ఎండకు వెలిసిన తీరును బట్టి అది ఒకచోట ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుగా, మరోచోట చాక్లెట్ రంగుగా ఉండేది. కాబట్టి ఇదొక్కటే సరైనదని ఎవరైనా ఘంటాపథంగా చెబితే నమ్మనవసరం లేదు. రెక్కల అడుగుభాగానికి రంగు లేదు, వెలిసిన నార బట్ట ఛాయే. ఇక్కడ మీగడ రంగు వాడాలి.

కానీ తోక చుక్కానిపై చారల విషయంలో వాదన లేదు. 1918లో నీలం ముందు, తెలుపు మధ్య, ఎరుపు వెనుక ఉండేవి. 1930లో ఆ వరుస తలకిందులైంది. తర్వాతి కాలపు ఫొటో చూసి అంటిస్తే తప్పవుతుంది. బేగంపేట టైగర్ మాత్ చేసేవారు మరో సంగతి గమనించాలి. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరబడకుండా యుద్ధం మధ్యలో మన దిక్కున గుర్తులోని ఎర్ర చుక్కను తొలగించారు. ఏ ఏడాది విమానం చేస్తున్నారో ముందే నిర్ణయించుకోవాలి.

వాతావరణమూ చూసుకోవాలి. వానాకాలపు తేమలో వార్నిష్ చల్లితే పాలపొరలా తెల్లబడుతుంది. నడి ఎండలో చల్లితే రెక్కను చేరేలోపే ఆరి గరుకుగా పడుతుంది. మన దగ్గర వేసవిలో ఉదయం ఏడు గంటల లోపు, వానల్లో తెరిపి ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఈ పనికి అనుకూలం.

అన్నింటికంటే చివరగా మిగిలేది దేహంపై నిజాం బహుమతిని తెలిపే అక్షరాలు. 48వ వంతులో 29 సెంటీమీటర్ల వెడల్పుండే డీహెచ్-9ఏపై ఆ అక్షరాలు చేతితో రాయలేనంత చిన్నవి. కిట్‌లో లేకపోతే హెండన్ విమానం ఫొటోల్లోని అక్షరాల తీరును కంప్యూటర్‌లో దించుకుని, నీటిలో నానబెట్టి అంటించే పారదర్శక కాగితంపై ముద్రించుకోవచ్చు. ప్రింటర్లు తెల్ల రంగు ముద్రించలేవు. తెల్ల అక్షరాలు కావాలంటే తెల్ల కాగితంపై చుట్టూ పీసీ-10 ఛాయను ముద్రించి, దేహం రంగుతో కలిసిపోయేలా అంచులు సవరించాలి. ఒక్కసారికి కుదరదు. మూడు నాలుగు ప్రతులు ముద్రించి ఉంచుకోవడం మంచిది.